పరాకు పిల్ల

భార్య చావుకు కారణం కూతురే. టైలరుకు ఇందులో అనుమానం లేదు. ఏడేళ్లుగా ఆ పిల్లతో మాట్లాడలేదు.

ఇవాళ కూడా దానితో మాట్లాడటానికి రాలేదు. డాక్టరు ముందు కడిగిపారేద్దామని వచ్చాడు. "దాని చిన్నప్పటి సంగతులు చెప్పేవాళ్లు కావాలటరా. నువ్వు కాక ఇంకెవరున్నారు? వెళ్లి ఆ నాలుగు ముక్కలూ చెప్పిరా" అని వాళ్లక్క వారం రోజులు పోరింది.

గదిలో మూడు కుర్చీలు, ఒక బల్ల, టిక్కుటిక్కుమంటూ ప్రాణం తీసే గోడగడియారం. ముప్పై ఎనిమిదేళ్ల కూతురు మూల కుర్చీలో ఒదిగి కూర్చుంది. టైలరు గొడుగు కుర్చీకి తగిలించాడు. మోకాలు ఆగకుండా ఊగుతోంది. నలభై ఏళ్లు మిషను తొక్కిన కాలు. ఊరికే ఉండలేదు.

"చిన్నప్పుడు వస్తువులు ఎక్కువగా పారే..." డాక్టరమ్మ అడగబోయింది.

"పారేసేదా? బడికి రెండు చెప్పులతో వెళ్లి ఒక చెప్పుతో వచ్చేది. రెండోది ఏదే అంటే అప్పుడు కిందికి చూసుకునేది. ఇంట్లో దాని పేరే పరాకు."

కూతురికి నవ్వొచ్చింది. తండ్రి మొహం చూసి మింగేసింది.

"మొదలుపెట్టిన పని మధ్యలో..."

"పంపు కింద బకెట్టు పెట్టి పుస్తకం పట్టుకునేది. నీళ్లు వీధిలోకి పారి, పక్కింటావిడ తిట్టుకుంటూ వస్తే గానీ తెలిసేది కాదు. ఎన్ని తన్నులు తిన్నా అంతే."

డాక్టరమ్మ కలం ఆపింది. "దీన్ని ఏడీహెచ్‌డీ అంటారండీ. బద్ధకం కాదు, పొగరు కాదు. మెదడు తీరే అంత. చాలామందికి పెద్దయ్యాక కూడా వదలదు. మందులున్నాయి. పనులు గుర్తుంచుకునే పద్ధతులు నేర్పిస్తాం. చాలావరకు దారిలో పడతారు. ఒక్కోసారి ఇది వంశంలో..."

"మా వంశంలో లేదు!" టైలరు బల్ల మీద చరిచాడు. గోళ్ల సందుల్లో తెల్లటి సుద్ద. "నేను ఏ పనైనా కత్తిరింపు బల్ల మీద సుద్దతో రాసుకుని మరీ చేస్తాను. చేసిన తప్పుకి ఇంగ్లీషు పేరు తగిలిస్తే పోయిన మనిషి తిరిగొస్తుందా?"

భార్య ఉన్నన్నాళ్లూ ఎవరి బట్టలు ఏ రోజుకివ్వాలో పుస్తకం చూసి గుర్తుచేసేది. ఆవిడ పోయాక, చెప్పిన రోజుకి ఇవ్వడంలేదని సగంమంది రావడం మానేశారు. అదీ కూతురి పాపమే.

"ఆ సంగతి మీ నోటితో వింటాను" అంది డాక్టరమ్మ.

"వినడానికేముంది? మా ఆవిడ రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది, తీసుకెళ్లమని ల్యాబు వాళ్లు మా కొట్టుకి ఫోను చేశారు. ఇది రోజూ ఆ ల్యాబు ముందు నుంచే ఆఫీసుకి వెళ్లేది. తెమ్మన్నాను. తేలేదు. తొమ్మిది రోజులు అక్కడే పడి ఉంది. పదో రోజు మనిషి కూలిపోయింది. వారం ముందు చూసుంటే బతికేదని ఆస్పత్రిలో అన్నారు."

"ఎలా చెప్పారు? ఎదురుగానా, ఫోనులోనా? ఇలాంటివాళ్లకి వేరే ధ్యాసలో ఉన్నప్పుడు చెబితే తలకెక్కదు. అందుకని అడుగుతున్నా."

"చెప్పానంటే చెప్పాను! నన్ను దొంగని చేస్తారా?"

"చెప్పే ఉంటాడు డాక్టరుగారూ" అంది కూతురు. ఆ గదిలో ఆమె నోరు విప్పడం అదే మొదలు. "నాకే గుర్తులేదు. నాకేం గుర్తుంటుంది గనక? రాసుకోండి."

డాక్టరమ్మ రాసుకుంది.

టైలరు ఆ కలం కదలడం చూశాడు. దిగ్గున లేచాడు. మెట్లు దిగి వీధి మలుపు దాకా వెళ్లాక వెనక పరుగు చప్పుడు.

"నాన్నా, గొడుగు! కుర్చీకే వదిలేశావు."

లాక్కున్నాడు.

"ఒక్కటి చెప్పు నాన్నా. పొద్దున చెప్పావా, సాయంత్రమా? అప్పుడు నేనేం చేస్తున్నాను? ఏడేళ్లుగా వెతుక్కుంటున్నా. ఆ ఒక్క మాట ఎంత తవ్వినా దొరకడం లేదు. మందులు మింగితేనైనా దొరుకుతుందేమోనని వచ్చాను."

"ఈ జన్మలో ఇక ఆ మాట నా దగ్గర ఎత్తకు" అని గొడుగు విప్పాడు. వాన లేదు.

'రిపోర్టు తెమ్మని పరాకుకి చెప్పాలి' అని ఆ రోజు బల్ల మీద సుద్దతో రాసుకున్న మాటను, ఆమెకు చెప్పకముందే బట్ట పరుస్తూ తన మోచేత్తోనే తుడిచేసి, తొమ్మిది రోజులు మరిచిపోయాడు.