ఏడుపుగది ముందు చెప్పులు

మహమ్మారి రోజుల్లో నర్సుల గుండె చెదిరిపోకూడదని ఆసుపత్రివాళ్లు మూడో అంతస్తులో ఒక గది ఇచ్చారు. ఒక కుర్చీ, ఒక దుప్పటి, తలుపుకు లోపలి గడియ. అంటుకుంటుందన్న భయంతో ఒకసారికి ఒక్కరే వెళ్లాలి. బయట చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. "డాక్టర్లకు మందులగది, మనకు ఏడుపుగది. పోయి ఏడ్చి రండే!" అని పెద్ద సిస్టర్ నర్సులను వంతులవారీగా తోలేది.

ఆ మహమ్మారికే ఆమె చనిపోయి తొమ్మిది రోజులైంది. నీలం దారంతో కుట్టిన ఆమె చెప్పులను ఆమెతోపాటే మూటకట్టి పంపింది ఆయా.

ఆ రాత్రి వరండా తుడుస్తూ వచ్చిన ఆయా ఆ గది ముందు కొయ్యబారిపోయింది. గుమ్మంలో అవే నీలం దారం చెప్పులు. వాటి పక్కన, నెల క్రితమే నర్సుగా చేరిన తన మేనకోడలి తెల్ల చెప్పులు.

"ఏడువు తల్లీ, ఏడువు. నేనున్నాగా," అంటోంది లోపల తెలిసిన గొంతు.

ఆయా తలుపు దబదబా బాదింది. "సిస్టరమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను. దాన్ని వదిలెయ్! దానికింకా ఇరవై రెండే!"

లోపల గొంతు ఆగింది.

"ఎవరితో అత్తా నీ గొడవ?"

ఆయా వెనక్కి తిరిగింది. మేనకోడలు చల్లటి గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబడి ఉంది.

"కాస్త ఒళ్లు వెచ్చబడితే పడుకున్నాను. లేచి చూస్తే నా చెప్పుల్లేవు. నువ్వేమైనా చూశావా?"

"లేదే పిచ్చిదానా," అంటూ ఆయా చేతిలోని తడిగుడ్డను చెప్పుల మీద పడేసి, పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది.

వెనక గడియ మెల్లగా జారిన చప్పుడైంది.