ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు

“ఇల్లు చూడ్డానికొచ్చామండీ,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ టోపీ ఆయన.

టైలరమ్మ పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదుల్ని తీసి, కుడుతున్న గౌనుకి గుచ్చి లేచింది. ఆయన వెనకాల ఆయన భార్య మోకాలు పట్టుకుని, ఎక్కి వచ్చిన మెట్ల వైపు కోపంగా చూస్తోంది.

వీళ్ళు వస్తారని ఇంటి ఓనరు నిన్ననే ఫోన్ చేసి చెప్పాడు. “ఇల్లు చూడ్డానికి ఎవరో వస్తారమ్మా, కాస్త దగ్గరుండి చూపించు. బేరం కుదిరితే మీరు వేరే చోటు వెతుక్కోవాలి మరి,” అన్నాడు. రాత్రంతా ఆమెకి కంటి మీద కునుకు లేదు. సముద్రం వైపు కిటికీ ఇచ్చే వెలుతురు మీదే ఆమె మిషను నడుస్తోంది. ఈ వీధి ఆడవాళ్ళ కొలతలన్నీ ఆమెకి నోటికొచ్చు. ఇక్కణ్ణుంచి లేపేస్తే కొత్త చోట ఎవరి బట్టలు కుట్టి బతకాలో ఆమెకి అర్థం కాలేదు.

అందుకని అత్తాకోడళ్ళు ఒక మాట మీదికి వచ్చారు. ఆ ఇంట్లో అలాంటిది జరగడం అదే మొదలు. వచ్చినవాళ్ళకి ఇల్లంతా చూపించాలి, మంచి మాత్రం ఒక్కటీ చెప్పకూడదు. అదీ ఒప్పందం.

“రండి. ఊళ్ళోకి ఎప్పుడొచ్చారు?”

“పొద్దున్నే. కోట చూశాం, లైట్‌హౌసు ఎక్కాం.”

“నేనెక్కలేదు. ఈయన ఎక్కి నాకు చెయ్యి ఊపారు,” అంది భార్య.

కొనే ముందు చుట్టుపక్కలంతా ఆరా తీస్తున్నారన్నమాట. గట్టి మనుషులే అనుకుంది టైలరమ్మ.

“ఇది ముందుగది. ఈ ఇల్లు ఎవరో ఓడ కెప్టెన్ కట్టించుకున్నాడట. ఈ ఉప్పుగాలికి గోడ మీద సున్నం నిలవదండీ. ఎన్నిసార్లు వేయించినా పెచ్చులు ఊడిపోతుంది.”

ఆయన గోడని నెమ్మదిగా తడిమాడు. “ఎంత పాతదో.”

“పాతదేం కాదు, పాడైపోయింది,” అని సరిదిద్దింది. “ఈ మెట్లు ముక్కలైన ఓడ చెక్కలతో చేసినవి. కాలు పెడితే చాలు, మూలుగుతాయి.”

భార్య కాలు పెట్టింది. మెట్టు మూలిగింది.

“నా మోకాలూ అంతే,” అని ఆవిడ రెండో మెట్టు ఎక్కింది.

పైగదిలో టైలరమ్మ ఇంకాస్త విజృంభించింది. “చీకటి పడ్డాక లైట్‌హౌసు వెలుగు తిరిగి తిరిగి వచ్చి మొహం మీద పడుతుంది. మావారు దుప్పటి ముసుగేసుకుని పడుకుంటారు. దానికి తోడు కెరటాల హోరు. తెల్లార్లూ ఆగదు.”

“మా ఫ్లాట్లో పక్కింటివాళ్ళ టీవీ తప్ప ఇంకే చప్పుడూ ఉండదు,” అంది భార్య.

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మందు పనిచేస్తోందని టైలరమ్మకి ధైర్యం వచ్చింది. వాళ్ళని వెనక వరండాలోకి తీసుకెళ్ళి అత్తగారికి అప్పగించింది.

భార్య అక్కడున్న చెక్క కుర్చీ చూసి కూలబడబోయింది.

“అందులో వద్దమ్మా. అది కెప్టెన్‌ది,” అంది అత్తగారు.

“ఆయన పోయి చాలా కాలమైంది కదండీ?”

“అయితే మాత్రం? మబ్బు పట్టినప్పుడల్లా వచ్చి కూర్చుంటాడు. బూట్ల చప్పుడు వినిపిస్తుంది. నాతో మాట్లాడతాడు కూడా.”

ఇది ఒప్పందంలో లేదు. టైలరమ్మ దగ్గింది. అత్తగారికి వినిపించలేదు.

“ఏం మాట్లాడతాడండీ?” అన్నాడు టోపీ ఆయన, టోపీ తీసి.

“మా కోడలి గురించి అడుగుతాడు. ఇంకా నీ మాట వినడం లేదా అని.”

అబద్ధమాడేటప్పుడు కూడా ఈవిడ నన్ను వదలదు కదా అని టైలరమ్మ పళ్ళు నూరుకుంది. అయినా ఇల్లు నిలబడాలంటే ఈపాటి అవమానం పడొచ్చు. టోపీ ఆయన కుర్చీకి, గోడ బీటలకి, పైకప్పు మీద చెమ్మ మరకలకి వరసగా ఫోటోలు తీసుకున్నాడు. తర్వాత భార్యని పక్కకి పిలిచి గుసగుసలాడాడు. 

అంతలో టైలరమ్మ ఫోన్ మోగింది. ఓనరు.

“ఇల్లు చూడ్డానికి వస్తామన్నవాళ్ళు మానుకున్నారమ్మా. ఆ పాత కొంపని ఎవరూ కొనేలా లేరు. వెతికి వెతికి నాకూ విసుగొచ్చింది. ఎవరైనా తమంతట తాము వచ్చి అడిగితే తప్ప ఇంక ఆ ఊసెత్తను. మీరే ఉండండి.”

టైలరమ్మ ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, ఎదురుగా ఉన్న ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

“మరి మీరెవరండీ?”

“మేమా? ఊరు చూడ్డానికొచ్చాం,” అన్నాడాయన. “కోట దగ్గర బోర్డు మీద చూడదగ్గవి రాసి ఉన్నాయి కదా, అందులో కెప్టెన్ ఇల్లు కూడా ఉంది. లోపల సంసారం ఉంటుందనుకోలేదు. పని మానుకుని మరీ తిప్పి చూపించారు, చాలా సంతోషమండీ.”

టైలరమ్మకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. పడీపడీ నవ్వింది. అత్తగారూ నవ్వి, ఆ సంబరంలో మరిచిపోయి కెప్టెన్ కుర్చీలో కూర్చుంది. ఇద్దర్నీ బలవంతంగా ఆపి, చుట్టాలొస్తే తప్ప బయటికి తియ్యని కప్పుల్లో టీ ఇచ్చింది టైలరమ్మ. పెచ్చులూడిన గోడ కూడా ఆ పూట ఆమె కంటికి ముద్దొచ్చింది.

టోపీ ఆయన తీరిగ్గా టీ తాగి కప్పు కింద పెట్టాడు.

“మీ ఓనరు నంబరు కాస్త ఇస్తారా?”

“ఎందుకండీ?”

“మీరింత బాగా చెప్పాక కొనకుండా ఎలా వెళ్తామమ్మా?” అంది భార్య.