విరిగిన మొగ్గ

ఎదుటివైపు లాయరు ఎస్తేరు అని తెలిస్తే పెద్ద పెద్ద కంపెనీలే రాజీకి వస్తాయి. గద్వాల లేబర్ ఆఫీసులో విచారణకు వచ్చిన, విత్తనాల కోసం సీడుపత్తి పండించే రైతు తిమ్మారెడ్డికి ఆ సంగతి తెలియదు. అతని పేరు చూసి ఆమె అడిగి మరీ తీసుకున్న కేసు ఇది.

"మీ చేన్లో పురుగుల మందు పడి కళ్లు పోయిన ఈమె మీ కూలీ కాదా?" పక్కన కూర్చున్న ఆడమనిషి భుజం మీద చెయ్యి వేసి అడిగింది ఎస్తేరు.

"ఆమె ఎవరో నాకు తెల్వదు మేడం. మాకు కూలోళ్లే లేరు. రెండు రకాలు కలిపే క్రాసింగుకు మొగ్గలు ఒలిచే పని ముప్పై ఏండ్లసంది నేనే చేసుకుంటున్న."

ఎస్తేరు సంచిలోంచి పత్తిమొగ్గ తీసి అతని చేతిలో పెట్టింది.

"అయితే ఒలవండి. లోపలి కాడ విరగొద్దు."

తిమ్మారెడ్డి రెండు చేతులతో తంటాలు పడ్డాడు. కాడ పుటుక్కున విరిగింది. విచారణ జరుపుతున్న అధికారి ఆ సంగతి కాగితం మీద రాసుకున్నాడు.

ఎస్తేరు ఇంకో మొగ్గ తీసుకుంది. బొటనవేలి గోరుతో ఒక్క చుట్టు తిప్పింది. పై పొట్టంతా టోపీలా ఊడొచ్చింది. కాడ చెక్కుచెదరలేదు.

"మీకెట్ల వచ్చు మేడం?"

"నీ చేన్లనే నేర్చుకున్న. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు."

తిమ్మారెడ్డి ఒకడుగు వెనక్కి వేశాడు. వెనకున్న కుర్చీ అందుకోబోయాడు. ఎస్తేరు దాన్ని పక్కకు లాగేసింది.

"కూసోకు రెడ్డీ. మొగ్గ ఇరగ్గొట్టినోళ్లు పొద్దుగూకేదాక నిలబడాలె. నన్ను ఎండల నిలబెట్టి నువ్వన్న మాటే గిది."