మలుపుల దగ్గర జాగ్రత్త

"మలుపుల దగ్గర జాగ్రత్త," అంది తల్లి.

కూతురు తలూపింది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఆ మాటకు తలూపీ తలూపీ ఆ పిల్లకు మెడ పట్టేసింది.

"ఒక పక్కంతా లోయ. మంచు కమ్మితే ఆగిపో. వెనక నుంచి ఎవరైనా తోసుకొస్తే దారిచ్చెయ్, పంతానికి పోకు. నిద్రొస్తే..."

"పొద్దున్నే నిద్రేంటమ్మా?"

"రాదని రాసిచ్చారా ఎవరైనా?"

ఇంట్లో తల్లికి అంబులెన్సని పేరు. ఎవరు తుమ్మినా ఆమె మనసు అప్పటికే ఆసుపత్రి గుమ్మంలో ఉంటుంది. ఆమెది స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో పని. కింద మిషను మీద పాదం ఆడుతున్నంతసేపూ పైన తలలో ప్రమాదాలు ఆడుతూనే ఉంటాయి. అలాంటి ఇంట్లోకి ఈ కొండల పరుగు పిచ్చి ఎలా దూరిందో దేవుడికే తెలియాలి. చీకటితోనే అలారం. పరుగయ్యాకే పొయ్యి వెలగడం. కిటికీలో ఎప్పుడు చూసినా బురద బూట్లు. ఆదివారమొస్తే బట్టలు నానబెట్టి, అవి నానేలోపు కొండెక్కి దిగడం.

ఇవాళ పెద్ద పరుగు. యాభై కిలోమీటర్లు. ఇటు మొదలై, అడవి గుండా రెండు శిఖరాలు దాటి, అవతలి లోయలో దిగాలి. దారిలో అక్కడక్కడా నీళ్ల డేరాలు.

పోయినేడు రెండో డేరా దగ్గర ఉండగా కూతురు ఫోనెత్తలేదు. అంతే, తల్లి వెళ్లి పరుగు జరిపేవాళ్ల జీపెక్కి కూర్చుంది. పరుగు అక్కడితో సరి. ఏడాది కష్టం ఆ జీపు పొగలో కలిసిపోయింది. తీరా చూస్తే పిల్ల ఫోను సంచి అడుగున పడి ఉంది.

ఇంటికొచ్చాక కూతురు ఒకటే మాటంది. "ఇంకోసారి నువ్వు నాకోసం జీపెక్కావంటే మనిద్దరం ఇంక గడప దాటొద్దు. ఇంట్లో కూర్చుని ఒకరి నాడి ఒకరు చూసుకుందాం."

తల్లి ఎక్కనని మాటిచ్చింది. ఇస్తూనే ముక్కు చీదింది. పిల్ల ఒంటరిగా ఇంత దూరం ఎప్పుడూ పోలేదు మరి. నేర్పినాయన మాత్రం, పిల్ల గట్టిదే, వణుకంతా మీకేనన్నాడు. తండ్రి ఫోన్లో నవ్వి, ఇద్దరిలో ముందు చేరినవాళ్లు కబురు చెయ్యండన్నాడు.

విజిల్ ఊదారు. "అవతల కలుద్దామమ్మా," అని నవ్వి, పిల్ల గుంపులో కలిసిపోయింది.

మొదటి డేరా రోడ్డు పక్కనే ఉంది. తల్లి రొప్పుతూ చేరేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరొచ్చినా కొట్టడం వాళ్ల అలవాటు. పోయినేటి నుంచి తల్లీకూతుళ్లు వాళ్లకు తెలిసినవాళ్లే. ఉడికిన బంగాళాదుంపలు వలుస్తున్నావిడ ఆమె వీపు మీది సంచి చూసి, దుకాణం తెరుస్తారా వదినా అని ఆటపట్టించింది. నిజమే. సంచిలో సగం పిల్ల కోసమే. కట్టు గుడ్డ, వాంతుల మాత్రలు, ఒక స్వెట్టరు, అది తడిస్తే ఇంకో స్వెట్టరు.

"మా పిల్ల కనపడిందా?"

"ఇటే పోయిందిగా. చెయ్యి కూడా ఊపింది."

"చెయ్యెందుకు ఊపింది? చూపు ముందుకే ఉండాలని చెప్పానా లేదా? దూకుడుగా పోతోందా?"

"దూకుడా? నత్తే నయం. వెనకవాళ్లందరూ దాటుకుని పోతున్నారు."

తల్లికి ప్రాణం లేచొచ్చింది. అందరికంటే చివర్న చేరనీ, నాకదే చాలనుకుంటూ ఉప్పద్దిన దుంప నోట్లో వేసుకుంది.

రెండో డేరా చేరేసరికి మంచు దిగింది. పక్క మనిషి కనిపించడం లేదు. ఫోను పలకడం లేదు. ఆమె తలలో మాత్రం అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. మలుపు, లోయ, చుట్టూ జనం, తల అడ్డంగా ఊపుతున్న డాక్టరు.

జీపు అక్కడే ఉంది. డ్రైవరు ఆమెను గుర్తుపట్టాడు. ఎక్కండమ్మా, పిల్ల దగ్గర దింపేస్తానని తలుపు తీశాడు. ఆమె కాలు మెట్టు మీద పడింది. సీటు మెత్తగా, వెచ్చగా పిలుస్తోంది.

కాలు తీసేసింది.

"వద్దు బాబూ. మాటిచ్చాను."

"మరి ఏడుస్తున్నారేంటమ్మా?"

"ఏడవనని ఇవ్వలేదుగా."

ముక్కు తుడుచుకుని మంచులోకి సాగిపోయింది.

ఆఖరి డేరాలో వైర్‌లెస్ సెట్టు ఉంది. దాని ముందు కూర్చున్న ముసలాయన చెవికి అదుముకుని చాలాసేపు విన్నాడు. ఆ కాసేపట్లో తల్లి మొక్కని దేవుడు లేడు.

"చేరిందమ్మా. చెక్కుచెదరకుండా చేరింది. అరటిపండు తింటోందట."

ఆమె ఆ సెట్టును ముద్దు పెట్టుకుంది. ముసలాయన కొంచెం వెనక్కి జరిగాడు. అక్కడున్న దుంపలన్నీ అక్కడున్నవాళ్లందరికీ తనే పంచింది. ఇక ఆ దిగుడు దారిలో కాళ్లు నేల మీద నిలవలేదు. చున్నీ ఒక పక్క, జడ ఒక పక్క. ఒక్కతే పకపకా నవ్వుకుంది. చెట్లకు చెయ్యూపింది. ఒక ఆవుకు కూడా చెప్పింది, మా పిల్ల చేరిందని.

కింద జెండాలు, జనం, చప్పట్లు. వాళ్ల మధ్య చేతులు చాచి నిలబడ్డ కూతురు. తల్లి వెళ్లి ఆ చేతుల్లో పడింది. తల నుంచి పాదాల దాకా తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి.

కూతురు మోకాళ్ల మీద కూర్చుని, యాభై కిలోమీటర్లు పరిగెత్తొచ్చిన తల్లి బూట్ల ముడులు విప్పుతూ, "ఆ ఘాట్ రోడ్డంతా నేనొక్కదాన్నే నడుపుకుంటూ వచ్చినా కారుకి ఒక్క గీత పడలేదమ్మా, కావాలంటే వెళ్లి చూసుకో," అని తాళాలు ఆమె చేతిలో పెట్టింది.