తూర్పు కొక్కెం

"కొక్కెం తూర్పు వైపే బిగించాలి" అంటూ నిర్మాత త్రినాథరావు పానా పట్టుకుని లారీ మూతి ముందు చతికిలబడ్డాడు.

డ్రైవరు జంగయ్య కంగారుగా టైము చూసుకున్నాడు. జనరేటరు బండిని లాగే కొక్కెం పొద్దున్నే విరిగిపోయింది. పది నలభై రెండుకి ఫిల్మ్‌నగర్ గుట్ట మీద కొత్త సినిమా ముహూర్తం షాటు. ఆలోగా జనరేటరు పైకి చేరకపోతే లైట్లు వెలగవు, హీరోగారు అలిగి వెళ్ళిపోతారు, జంగయ్య ఉద్యోగం ఊడుతుంది. ఎర్రగడ్డ మెకానిక్కేమో సాయంత్రం గానీ రానన్నాడు. "ఆ మాత్రం మనం బిగించుకోలేమా?" అని, మద్రాసు నుంచి కొత్తగా దిగిన త్రినాథరావు తెల్ల పంచె ఎగ్గట్టాడు.

"సార్, గది లారీ ముందటి దిక్కు. కొక్కెం ఎనక పెడ్తరు."

"వెనకాల పడమరయ్యా! లాగే శక్తి తూర్పున ఉండాలని సిద్ధాంతిగారు మరీ మరీ చెప్పారు."

"అయితే జర బండి తిప్పుత."

"కొబ్బరికాయ కొట్టేశాక బండి దిక్కు మారుస్తారా ఎక్కడైనా? నీకు సినిమాల్లో బొత్తిగా అనుభవం లేదు."

ఇరవయ్యేళ్ళుగా లారీ తోలుతున్న జంగయ్య బోల్టుల డబ్బా అందించాడు. పని మాత్రం త్రినాథరావు శుభ్రంగానే చేశాడు, కాదనకూడదు. నాలుగు బెజ్జాలు వేశాడు. నాలుగు బోల్టులూ చెమటలు కక్కుతూ బిగించి, ఒక్కోదానికీ కుంకుమ బొట్టు పెట్టాడు.

"ఊఁ, ఇక లాగు."

"ఎట్ల గుంజాలె సార్?"

"రివర్సులో! అదీ నేనే చెప్పాలా?"

మెడ వెనక్కి తిప్పుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని జంగయ్య గుట్ట ఎక్కించాడు. దారి పొడవునా జనం పనులాపుకుని నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం. అయినా పది నలభైకి జనరేటరు పైకి చేరింది.

మొదటి షాటు ఒక్క టేకులో ఓకే అయింది! ఆ హీరోగారికి అలా జరగడం యూనిట్లో ఎవరూ ఎరగరు. ఆయనే ముందు తేరుకున్నాడు.

"ఇవాళ కొత్తగా ఏం చేశారండీ?"

అందరూ లారీ వంక చూశారు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, సాయంత్రం కొక్కెం ఎనకకు మార్పిస్త" అన్నాడు జంగయ్య, మెడ రుద్దుకుంటూ.

"ముట్టుకున్నావంటే ఊరుకోను!" అని అరిచాడు హీరో.

మర్నాడు జంగయ్య మళ్ళీ మెడ తిప్పుకుని బయల్దేరేసరికి గుట్ట దారి నిండా పక్క కంపెనీల లారీలు. దారి ఇమ్మని హారను కొట్టబోయి, కళ్ళు నులుముకుని చూశాడు. హీరోగారి కారుతో సహా అన్నీ రివర్సులోనే ఎక్కుతున్నాయి.