తలుపు మరిచిన ముఖం

అన్ని ఇళ్ల తలుపులూ మాట్లాడే కాలం అది. అనకాపల్లిలో గవర్రాజు ఇంటి తలుపు, ఆయన ఎప్పుడో విసుగులో అన్న మాట పట్టుకుని, బావమరిది పేరు వింటే చాలు “తిండిపోతు” అనడం నేర్చింది. ఆ మధ్యాహ్నమే బావమరిది అప్పలనరసయ్య భోజనానికి వస్తున్నాడు. భార్య కోపానికి భయపడి గవర్రాజు తలుపుల మెకానిక్ రోజలిన్‌ను పిలిచాడు.

“ఆ ఒక్క మాటా చెరిపెయ్యమ్మా.”

“ఒక్క మాట చెరగదండి. దీని మెమరీ పలకలు పలకలుగా చెరుగుద్ది. పలక సైజు పెద్దది పెట్టేశారు. తలుపు గుర్తుపట్టే మీ ముఖం కూడా ఆ మాటున్న పలకలోనే ఉంది.”

“సైజు తగ్గించు.”

“ఆపి మళ్లీ ఆన్ చేస్తే, తలుపు నిద్రలేవగానే ముందు ఆ సైజే చూసుకుంటదండి. మారిస్తే ఇక లేవదు.”

“అయితే నా ముఖం పోతే పోనీ. మళ్లీ నేర్పుకుంటాను.”

చెరిపించాక ఆ నేర్పడం మరిచిపోయి, ఆయన పెరుగు కోసం బజారుకు పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి బావమరిది భోంచేస్తూ కిటికీలోంచి కనబడ్డాడు. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

“తమరెవరు?” అంది.

“ఈ ఇంటివాణ్ణి.”

“ఆ మాట లోపలివాళ్లు చెప్పాలి.”

అప్పలనరసయ్య ఎంగిలి చేత్తోనే లేచొచ్చాడు. “మనవాడే, రానియ్యి. పాపం, ఆకలి మీదున్నాడు” అని తలుపుకు నచ్చజెప్పి, “రా బావా, మొహమాటపడకు. అన్నం చాలానే ఉంది” అన్నాడు.

గవర్రాజు పెరుగు గిన్నెతో, సొంత ఇంట్లోకి తలొంచుకుని వెళ్లాడు.