వదిలేసిన చరణం

"లైను కదలాలి తాతా! సంతకం పెట్టించుకుని తప్పుకో!" వెనక నుంచి ఎవరో అరిచారు.

ముసలాయన కదల్లేదు. వానకు తడిసిన టోపీ చేత్తో పట్టుకుని బల్ల ముందే నిలబడ్డాడు.

బల్లకు అవతల గ్రెగర్ కూర్చున్నాడు. సాల్ట్‌క్రీల్ రాక్ బృందం గాయకుడు. జుట్టు నెరిసినా తోలు కోటు మాత్రం వదల్లేదు. పక్కన డ్రమ్ములు వాయించే ఐల్సా. ఇద్దరి మధ్యా ఆ వారమే విడుదలైన సీడీల గుట్ట: 'సాల్ట్‌క్రీల్ ఆణిముత్యాలు'. అబెర్డీన్‌లోని ఆ పాటల దుకాణం ఇసకేస్తే రాలనట్టుంది.

"ఎవరి పేరు రాయమంటావు తాతా?"

"సంతకం వద్దు బాబూ. ఇందులో మొదటి పాటకి ఆఖరి చరణం ఇంకోటుంది. మీరది పాడట్లేదు."

గ్రెగర్ ఐల్సాను చూసి కన్నుగీటాడు. ఊరికొకరు ఇలాంటి వాళ్లు తగులుతూనే ఉంటారు.

ఆ మొదటి పాటే వాళ్లకు ఇన్నాళ్లూ కూడు పెట్టింది. తుఫానులో తాడు కోసేసి, దాని చివర వేలాడుతున్న మనిషిని సముద్రానికి వదిలేసిన ఒక పడవ సరంగు మీద పాట. చివర్లో డ్రమ్ములు ఆగుతాయి. హాలు హాలంతా కాళ్లు నేలకేసి కొడుతూ శాపం పెడుతుంది: "తాడు కోసిన సరంగూ, నీకు ఒడ్డు లేదు!" ఫుట్‌బాల్ మైదానాల్లో అవతలి గోల్‌కీపర్ని తిట్టడానికి కూడా జనం దాన్నే అందుకుంటారు.

"అది పాతకాలం జానపదం తాతా. ఇదిగో, అట్ట మీద కూడా వేశాం, 'రచయిత తెలియదు' అని. రేవు దగ్గర పబ్‌లో చేపల పడవల వాళ్లు పాడుతుంటే నేర్చుకున్నాం. వాళ్లు అంతవరకే పాడారు."

"తాగినప్పుడు అంతవరకే పాడతారు బాబూ."

ఐల్సా నవ్వేసింది. "అయితే మీరు పాడండి, వింటాం."

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "తాడు తెగకుంటే..." అని ఎత్తుకున్నాడు.

"ఒక పాటకి ఒక గొంతే!" లైన్లోంచి ఒకడు కేకేశాడు. ఎవరో పాడుతుంటే మధ్యలో దూరే వాళ్ల నోరు మూయించడానికి పబ్బుల్లో అనే మాట అది. అందరూ ఘొల్లుమన్నారు.

గ్రెగర్‌కు హుషారు పుట్టింది. లేచి బల్ల మీద దరువేశాడు. "పాట చివర ఇలా ఉంటుంది తాతా! ఏదీ, అందరూ!"

దుకాణం దద్దరిల్లింది. శాపం పెట్టేటప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్లకు వేలు చూపించడం ఆనవాయితీ. ఎదురుగా ముసలాయన ఉన్నాడు.

ఆయన ఆ వేళ్లన్నిటి వంకా చూస్తూ ఉండిపోయాడు. గోల సద్దుమణిగాక నెమ్మదిగా అడిగాడు.

"వచ్చే నెల పోర్ట్‌స్కెయిల్‌లో పాడుతున్నారటగా. మా ఊరే. అక్కడైనా ఆ చరణం పాడతారా? పోయేలోగా ఒక్కసారి వినాలనుంది."

"పాడతాం తాతా, తప్పకుండా పాడతాం."

వదిలించుకోవడానికి అన్న మాట. ముసలాయన గుమ్మం దాటకముందే గ్రెగర్ దాన్ని మర్చిపోయాడు. ఆ చరణమేమిటో కనీసం అడగలేదు కూడా.

పోర్ట్‌స్కెయిల్ హాలు నిండిపోయింది. అంతా చేపల పడవల కుటుంబాలే. మిగతా పాటలన్నిటికీ మర్యాదగా చప్పట్లు కొట్టారు. చివరికి ఆ పాట వచ్చింది. డ్రమ్ములు ఆగాయి. గ్రెగర్ చెయ్యెత్తి శాపం అందుకున్నాడు.

ఒక్క కాలు కదల్లేదు. ఒక్క వేలు లేవలేదు. తన గొంతు తనకే వినిపించింది.

"ఏమైంది వీళ్లకి?" అన్నాడు ఐల్సాతో.

"ఇంకా ఏదో పాడతావని చూస్తున్నారు గ్రెగర్."

అప్పుడు గ్రెగర్‌కు ముసలాయనకిచ్చిన మాట గుర్తొచ్చింది. పాడదామంటే ఆ చరణమేమిటో తెలియదు. మైకు పట్టుకుని తలవంచుకుని నిలబడ్డాడు.

ముందు వరసలోంచి ఒకామె లేచి తనే అందుకుంది. వెనకే హాలంతా, మెల్లగా.

"తాడు తెగకుంటే పడవంతా పోయేది,
నా ఒక్క ఇంటి ఏడుపు ఊరంతా అయ్యేది.
సరంగూ, ఒడ్డుకు రా, చలి కాచుకుని పో."

కచేరీ అయ్యాక గ్రెగర్ ఆమెను వెతుక్కుంటూ వెళ్లాడు. ఆమె పేరు ఇసోబెల్. హాలు వెనక అందరికీ టీ పోస్తోంది.

"అమ్మా, అబెర్డీన్‌లో ఒక తాత నన్ను ఈ చరణం పాడమని అడిగాడు. ఏరీ ఆయన?"

"పోయిన వారమే మట్టి చేశాం."

ఇసోబెల్ ఇంకో కప్పులో టీ పోసింది.

"మీ దగ్గర్నుంచి వచ్చిన రోజు ఇంటింటికీ తిరిగి చెప్పాడయ్యా, గాయకుడు మాటిచ్చాడని. ఆ మాట మీదే అందరం వచ్చాం. లేకపోతే ఈ ఊళ్లో మీ పాట ఎవరు వింటారు?"

"తప్పు చేశానమ్మా. ఆయన్ని అందరి ముందూ ఆటపట్టించాను. మీ నాన్నగారా?"

"మా నాన్న తాడు చివర ఉన్నాయన. పాట కట్టింది మా అమ్మ. కడుపుమంటతో ముందు శాపం పెట్టింది. తాడు కోయబట్టే మిగతా వాళ్లు ప్రాణాలతో తిరిగొచ్చారని అర్థమయ్యాక ఈ చరణం కట్టి, సరంగు ఇంటి గుమ్మంలో నిలబడి పాడింది."

"మరి ఆ తాత ఎవరు?"

ఇసోబెల్ టీ కప్పు అతని చేతిలో పెట్టింది.

"ఆ గుమ్మం ఆయనదే బాబూ. ఆ సరంగు ఆయనే."